పట్టీ మీద కూర్చున్నాను, లేవలేకపోయాను... నేను పిరికిదాన్నా?

పేరు రాయవద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. వయసు 37. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. తొమ్మిదేళ్ల బాబు. ఏడాదిన్నర కిందట బాబును ఆడించడానికి పార్కుకు తీసుకెళ్తే, అక్కడ నలుగురు కుర్రాళ్లు రెండు చెట్ల మధ్య మోకాలి ఎత్తులో ఒక పట్టీ కట్టి దాని మీద నడుస్తున్నారు. ఈమె చూస్తూ నిలబడితే "రండి అక్కా, ఒక్కసారి ఎక్కి చూడండి" అన్నారు. ఎక్కారు. పాదం ఆనించగానే కాలూ, కింద పట్టీ కలిసి కుట్టు మిషన్‌లా గడగడ వణికాయి. ఆ సాయంత్రం ఇరవైసార్లు ఎక్కి ఇరవైసార్లు దిగిపోయారు. ఇంటికొచ్చాక తట్టిందట, ఆ గంటసేపూ ఆఫీసు సంగతి ఒక్కసారి కూడా బుర్రలోకి రాలేదని. అప్పటినుంచి వారానికి మూడు రోజులు సాధన. సొంత పట్టీ కొనుక్కున్నారు. ఇలా కట్టిన పట్టీని స్లాక్‌లైన్ అంటారు. 20 మీటర్ల స్లాక్‌లైన్ మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దిగకుండా నడిచే స్థాయికి వచ్చారు.

రెండు నెలల కిందట ఆ బృందం ఈమెను హైలైన్‌కు, అంటే చాలా ఎత్తులో కట్టే లైన్‌కు తీసుకెళ్లింది. రెండు బండల మధ్య 30 మీటర్ల పట్టీ, కింద 40 మీటర్ల లోతు. నడుముకు హార్నెస్ కట్టారు, దాని నుంచి పట్టీకి లీష్ అనే పొట్టి తాడు తగిలించారు. పట్టీ మీద కూర్చుని చేతులతో జరుగుతూ మూడు నాలుగు మీటర్లు వెళ్లారు. అక్కడ ఆగిపోయారు. లేవలేదు, వెనక్కీ రాలేదు. పది నిమిషాలు రెండు చేతులతో పట్టీని పట్టుకుని అలాగే ఉండిపోయారు. చివరికి ఎలాగో వెనక్కి జరిగి బండ మీదికి వచ్చి ఏడ్చేశారు. ఇంట్లో మాత్రం స్నేహితులతో సరదాగా బయటికి వెళ్లానని చెప్పారు. నాలుగు రోజుల తర్వాత ఎవరో వీడియో పంపితే ఫోన్‌లో ఆమె భర్త చూశారు. ఆయన అరవలేదు. "నీకేమైనా అయితే వాడి గతేంటి?" అని ఒక్కమాట అడిగి ఊరుకున్నారు. ఆ తర్వాత ఆ ప్రస్తావనే తేవడం లేదు.

ఇంకో కష్టం కూడా వచ్చిపడింది. ఆ రోజు నుంచి పార్కులో మోకాలి ఎత్తు లైన్ మీద కూడా మొదటిరోజులాగే కాళ్లు వణుకుతున్నాయి. వచ్చే నెల బృందం మళ్లీ వెళ్తోంది. "ఈసారి ఒక్కసారి పడండి అక్కా, భయం దానంతటదే పోతుంది" అంటున్నారు. ఆమె అడిగినవి ఇవి: నేను పిరికిదాన్నా? వెళ్లాలా, మానాలా? మావారికి ఏం చెప్పాలి? బాబు కూడా నేర్పమని వెంటపడుతున్నాడు, వాడిని ఎక్కించవచ్చా?

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ భయం కనిపించింది. రెండోసారి, మీరు మాటల మధ్యలో రాసేసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "నేను వెళ్లేసరికి లైన్ కట్టేసి ఉంది, ఎవరు కట్టారో తెలియదు. కింద రెండో పట్టీ వదులుగా ఎందుకు వేలాడుతోందని అడిగితే, అదంతా మేం చూసుకుంటాం, మీరు నడవండి అన్నారు" అని రాశారు. నాలుగు పేజీలు భయం గురించి రాసి, దీనికి రెండు వాక్యాలే ఇచ్చారు. నేను మాత్రం ఇక్కడినుంచే మొదలుపెడతాను.

ఆ రెండో పట్టీ బ్యాకప్. మీరు కూర్చున్న ప్రధాన పట్టీ ఏ కారణంగానైనా తెగినా, దాన్ని బండకు బిగించిన యాంకర్ ఊడినా, మీ బరువును అందుకునేది అదే. అందుకే దాన్ని బిగించరు. ప్రధాన పట్టీ కింద చిన్న చిన్న వంపులుగా వదిలి, మధ్యమధ్య టేపుతో కలుపుతారు. మీ లీష్‌కు ఉండే రింగులు రెండు పట్టీలనూ చుట్టి ఉండాలి. ఒక్కదాని చుట్టే ఉంటే బ్యాకప్ ఉండీ లేనట్టే. అంటే మీరు అడిగింది తెలియనితనంతో అడిగిన ప్రశ్న కాదు. ఆ బండ మీద అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. దానికి "మేం చూసుకుంటాం" అన్నది జవాబు కాదు.

వాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. ఏడాదిన్నరగా ఓపికగా నేర్పినవాళ్లు. లైన్ నిజంగా చక్కగానే కట్టి ఉండవచ్చు. కానీ చక్కగా కట్టారని మీకు తెలియదు. తెలియకుండా దాని మీద కూర్చున్నారు. మీ చేతులు పట్టీని వదలలేదంటే, అందులో ఒక పాలు ఈ తెలియకపోవడానిదే అని నా నమ్మకం.

లెక్క ఒకటి చెబుతాను, పార్కుకూ పనికొస్తుంది. మీ బరువు 60 కిలోలు అనుకుందాం. 20 మీటర్ల లైన్ మధ్యలో మీరు నిలబడితే అది ఒక మీటరు కిందికి దిగిందనుకోండి. అప్పుడు పట్టీలోనూ, రెండు చివర్ల చెట్ల మీదా పడే లాగుడు సుమారు 300 కిలోలు. అదే లైన్‌ను ఇంకా బిగించి అర మీటరే దిగేలా చేస్తే లాగుడు 600 కిలోలకు పోతుంది. బిగిస్తే భద్రం అని అందరం అనుకుంటాం, కానీ జరిగేది తలకిందులు. ఎంత బిగిస్తే అంత భారం. సన్నటి చెట్టుకూ, గోడలో పాతిన కొక్కేనికీ, రెయిలింగుకూ లైన్ కట్టకూడదనేది ఇందుకే. హైలైన్‌లో దీనికి తోడు పడినప్పటి కుదుపు ఉంటుంది. అందుకే బండలో ఒకే బోల్టును నమ్ముకోరు. కొన్నిటి మీద బరువు పంచుతారు. బండ అంచుకు పట్టీ ఒరుసుకోకుండా మెత్తలు వేస్తారు. ఊగే పట్టీ పదునైన రాతి అంచు మీద రాపిడికి కోసుకుపోతుంది, పైనుంచి చూసేవాళ్లకు అది కనిపించదు.

ఇదంతా భయపెట్టడానికి చెప్పడం లేదు. భయంలో రెండు రకాలున్నాయి, వాటిని విడదీయమని చెప్పడానికి. ఒకటి, చూసి తేల్చుకుంటే తగ్గే భయం: ఇది గట్టిగా ఉందా, ఎవరు కట్టారు, తెగితే ఏమవుతుంది? రెండోది, అంతా గట్టిగా ఉందని కళ్లారా చూసినా పోని భయం: ఎత్తు, ఖాళీ, కింద ఏమీ లేకపోవడం. మొదటిది సమాచారంతో తగ్గుతుంది, రెండోది అలవాటుతో తగ్గుతుంది. మీకు ఆ రోజు రెండూ కలిసి వచ్చాయి. మీ మిత్రులు రెండోదానికి మందు చెబుతున్నారు. మొదటిది అలాగే ఉంది. అది ఉన్నంతకాలం రెండోది తగ్గదు.

ఇక పిరికిదాన్నా అన్న ప్రశ్న. నేను మొదటిసారి హైలైన్ దగ్గరికి వెళ్లినప్పుడు హార్నెస్ కట్టుకుని, ముడి వేయించుకుని, బండ అంచున నలభై నిమిషాలు కూర్చున్నాను. పట్టీని చేత్తో తాకి చూశాను. సూర్యుడు దిగిపోయాడు. విప్పేసి వచ్చేశాను. మీరు మూడు నాలుగు మీటర్లు వెళ్లారు, పది నిమిషాలు ఖాళీలో కూర్చున్నారు, ఎవరి సాయమూ లేకుండా వెనక్కి వచ్చారు. ఈ ఆట తెలిసినవాళ్లెవరైనా దాన్ని మొదటి ప్రయత్నం అంటారు, ఓటమి అనరు.

ఈ ఆట చరిత్ర కూడా అలాగే మొదలైంది. 1970ల చివర, 80ల మొదట్లో అమెరికాలో కొండలెక్కే కుర్రాళ్లు తీరిక వేళల్లో గొలుసుల మీద, తీగల మీద నడిచేవారు. ఆడమ్ గ్రొసౌస్కీ, జెఫ్ ఎల్లింగ్టన్ అనే ఇద్దరు తమ కొండలెక్కే సామానులోని నైలాన్ పట్టీని బిగించి దాని మీద నడవడం మొదలుపెట్టారు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో లాస్ట్ యారో స్పయర్ అనే రాతి కొమ్ము ఉంది. పక్క కొండ అంచు నుంచి ఆ కొమ్ము దాకా దూరం సుమారు 17 మీటర్లు, కింద లోయ 880 మీటర్ల లోతున. స్కాట్ బాల్కమ్ 1984లో అక్కడ ప్రయత్నించి దాటలేకపోయాడు. మరుసటి ఏడాది, 1985 జూలైలో దాటాడు. 17 మీటర్లంటే మీ పార్కు లైన్ కన్నా తక్కువ అని గమనించారా? నడక అతనికి ముందే వచ్చు. అయినా ఏడాది పట్టింది.

ఎత్తులో ఏం మారుతుందో చెబితే మీ శరీరం మీద మీకు కోపం తగ్గవచ్చు. మనల్ని నిలబెట్టేవి మూడు: లోపలి చెవి, కండరాలూ కీళ్లూ పంపే కబుర్లు, కళ్లు. దగ్గరున్న వస్తువులు కదిలే తీరును బట్టి మనం ఎటు ఒరుగుతున్నామో కన్ను కనిపెడుతుంది. పార్కులో గడ్డి, చెట్టు మొదలు, పక్కన బెంచీ ఉంటాయి. బండ దాటి గాలిలోకి వెళ్లగానే అవన్నీ మాయమవుతాయి. ఎక్కడో దూరాన ఉన్న కొండ, మీరు జానెడు ఊగినా కదిలినట్టు కనిపించదు. అంటే మూడింటిలో ఒకదాని సాయం చాలావరకు పోయింది. దానికి తోడు 30 మీటర్ల పట్టీ, కింద బ్యాకప్ బరువుతో, మీ 20 మీటర్ల పట్టీలా ఊగదు. నెమ్మదిగా, పెద్దగా ఊగుతుంది. మీరు నేర్చుకున్న తాళం అక్కడ పనిచేయలేదు. ఇందులో పిరికితనం ఏముంది?

పార్కులో కాళ్లు మళ్లీ వణకడం గురించి. ఆ వణుకు కండరాల బలహీనత వల్ల వచ్చేది కాదు. పట్టీ కాస్త పక్కకు జరగ్గానే కాలు దాన్ని సరిచేస్తుంది, కానీ కాస్త ఆలస్యంగా, కాస్త ఎక్కువగా. దాంతో పట్టీ అవతలి వైపు పోతుంది, కాలు మళ్లీ లాగుతుంది. బడిలో చదువుకున్న అసంకల్పిత ప్రతీకార చర్య గుర్తుందా? ఇది అలాంటిదే, మెదడు దాకా పోకుండానే జరిగిపోతుంది. సాధన పెరిగేకొద్దీ వెన్నుపాము దగ్గర ఈ తొందర తగ్గుతుంది, అందుకే కొన్ని వారాలకు వణుకు ఆగుతుంది. టెన్షన్ పడితే శరీరం బిగుసుకుంటుంది, బిగుసుకుంటే తొందర మళ్లీ పెరుగుతుంది. మీరు నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు, దాని మీద టెన్షన్ వచ్చి కూర్చుంది.

కొన్నాళ్లు 20 మీటర్ల లైన్‌ను పక్కన పెట్టండి. 7, 8 మీటర్లకు తగ్గించి కట్టండి. నడవకండి, నిలబడండి చాలు. పాదం పట్టీ పొడవునా ఉండాలి: బొటనవేలికీ పక్క వేలికీ మధ్య నుంచి మడమ నడిమి దాకా పట్టీ ఒక గీతలా తగలాలి. మోకాలు కొంచెం వంచండి. చేతులు భుజాల కన్నా పైకి ఎత్తండి. చూపు ఎదుటి చెట్టుకు పట్టీ కట్టిన చోట ఉండాలి, పాదం మీద కాదు. ఒక కాలి మీద పది ఊపిరులు లెక్కపెట్టి దిగండి. తర్వాత రెండో కాలు. వణుకు వస్తే దాన్ని ఆపాలని బిగించుకోవద్దు, ఊపిరి వదులుతూ మోకాలు ఇంకాస్త వంచండి. పట్టీ కాలి కింద సన్నగా అదురుతూ ఉండి, ఏదో ఒక క్షణంలో నిశ్శబ్దంగా అయిపోతుంది. ఆ నిశ్శబ్దం మీకు తెలుసు, ఏడాదిన్నరగా దానికోసమే కదా వెళ్తున్నారు. దాన్ని మళ్లీ పట్టుకునేదాకా ఎత్తు గురించి ఆలోచించవద్దు.

కూర్చున్న చోటు నుంచి లేవడం పార్కులో ఎప్పుడైనా సాధన చేశారా? మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నేల మీద నుంచి ఒక కాలు పెట్టి ఎక్కడం వేరు, పట్టీ మీదే కూర్చుని లేవడం వేరు. హైలైన్ మీద నేల ఉండదు, ప్రతిసారీ కూర్చున్న చోటు నుంచే లేవాలి. ఒక మడమను తొడ దగ్గరికి తెచ్చి పట్టీ మీద పెట్టి, రెండో కాలు కిందికి వేలాడేసి, బరువు మొదటి పాదం మీదికి మార్చుకుంటూ లేస్తారు. మోకాలి ఎత్తులో వందసార్లు చేశాక కూడా అది కష్టమే. మీ మిత్రులు ఇది నేర్పకుండా మిమ్మల్ని పైకి తీసుకెళ్లి ఉంటే తొందరపడ్డారనే అంటాను.

ఇక "ఒక్కసారి పడండి, భయం పోతుంది" అన్న మాట. ఇందులో సగం నిజముంది. లీష్ మీద వేలాడి, మళ్లీ పైకి ఎక్కి కూర్చోవడం వచ్చినవాళ్లకు భయం నిజంగా తగ్గుతుంది. 2024 జూలైలో ఎస్టోనియా వాడైన యాన్ రూస్ ఇటలీలో మెసీనా జలసంధి మీద 3.6 కిలోమీటర్ల లైన్ నడిచాడు. దాదాపు మూడు గంటలు పట్టింది. ఇంకో 80 మీటర్లు ఉందనగా పడ్డాడు. లీష్ పట్టింది, పైకి ఎక్కాడు, మిగతాది నడిచి ముగించాడు. పడటం వల్ల అది ప్రపంచ రికార్డుగా లెక్కకు రాలేదు. అంతటివాడు కూడా పడతాడు. లీష్ ఉన్నది అందుకే.

కానీ పడటానికీ మెట్లున్నాయి. ముందు నేలకు దగ్గర్లో, ఏదైనా గట్టి చోట హార్నెస్‌తో వేలాడి, తాడు పట్టుకుని పైకి లాక్కుని, మోకాలు పట్టీ మీద వేసి ఎక్కి కూర్చోవడం రావాలి. దానికి చేతుల్లో బలం కావాలి, అలసిపోయాక ఆ బలం ఉండదు. తర్వాత హైలైన్ మీద కూర్చుని, మెల్లగా కిందికి జారి వేలాడటం. మళ్లీ ఎక్కడం. ఆ తర్వాతే నిలబడి పడటం. అదీ అంచుకు దూరంగా, ఎందుకంటే బండకు దగ్గర్లో పడితే ఊగి వచ్చి రాతికి కొట్టుకోవచ్చు. ఈ వరుసలో ఏ మెట్టు మీద ఆగాలో నిర్ణయించేది మీరే. "నువ్వు పడు, నేను చూస్తా" అని ఎవరైనా బలవంతం చేసినా, పట్టీని ఊపి పడేసినా, ఆ రోజుకు అక్కడితో విప్పేసి వచ్చేయండి. అలా పడినవాళ్లకు భయం పోకపోగా మనుషుల మీద నమ్మకం పోతుంది.

ఎత్తు తక్కువైతే నయమని ఎవరైనా అంటే అదీ ఆలోచించి ఒప్పుకోండి. నాలుగైదు మీటర్ల ఎత్తులో హైలైన్‌లా కట్టిన లైన్ చూడటానికి చిన్నదే. కానీ మీరు పడ్డప్పుడు పట్టీ కిందికి సాగుతుంది, లీష్ పొడవు ఉంటుంది, ఇవన్నీ కలిస్తే నేల తగలవచ్చు. చాలా ఎత్తున్న లైన్ మీద, బండ అంచుకు దూరంగా పడితే, గాలి తప్ప కొట్టుకునేది ఏమీ ఉండదు. మోకాలి ఎత్తు సరే, చాలా ఎత్తు సరే. ఆ మధ్యలోని ఎత్తుల్ని బాగా తెలిసినవాళ్లు లెక్క కట్టి కట్టాలి.

మీ ముందున్న దారులు చూద్దాం.

వచ్చే నెల ఎప్పటిలాగే వెళ్లడం ఒకటి. వెళ్తే నడిచేయవచ్చు, చెప్పలేం. కానీ ఇప్పుడున్న స్థితిలో, లైన్ గురించి తెలియకుండా, ఇంట్లో మౌనం అలాగే ఉండగా వెళ్తే, మళ్లీ ఆ మూడో మీటరు దగ్గరే ఆగిపోయే అవకాశం ఎక్కువ. రెండోసారి అలా జరిగితే పార్కు లైన్ కూడా మీకు దూరమవుతుందేమోనని నా భయం. ఈ దారి నాకు నచ్చలేదు.

వెళ్లడం, కానీ నడవడానికి కాకుండా కట్టడం చూడటానికి వెళ్లడం ఇంకొకటి. తెల్లవారుజామునే వాళ్లతో వెళ్లండి. యాంకర్ దగ్గర కూర్చుని ఏది ఎందుకు వేస్తున్నారో అడగండి, చేతులతో పట్టి చూడండి. ఎవరు తనిఖీ చేస్తున్నారో గమనించండి. కట్టినవాళ్లే కాకుండా ఇంకొకరు మొదటినుంచి చివరిదాకా చూడాలి. అంతా అయ్యాక హార్నెస్ వేసుకుని రెండు మీటర్లు వెళ్లి కూర్చుని రండి, లేవవద్దు. ఇలా రెండు మూడుసార్లు వెళ్తే, నడవకపోయినా లైన్ మీకు అర్థమవుతుంది. ఇందులో ఇబ్బంది ఏమిటంటే ఇది నెలల పని. తోటివాళ్లు నడుస్తుంటే మీరు కూర్చుని చూడాలి, మనసు చివుక్కుమంటుంది. ఇంటర్నేషనల్ స్లాక్‌లైన్ అసోసియేషన్ భద్రత గురించి సూచనలు ప్రచురిస్తుంది, వాటిని చదివి వెళ్తే మీ ప్రశ్నలు పదునుగా ఉంటాయి.

హైలైన్ వదిలేసి స్లాక్‌లైన్ ఉంచుకోవడం మరో దారి. దీన్ని తక్కువ చూపు చూడకండి. పార్కులో 50 మీటర్ల లైన్ నడవడానికి చాలా సాధన కావాలి. నీటి మీద కట్టే లైన్లున్నాయి, పట్టీ మీద ఎగిరి తిరిగే ఆటలున్నాయి, వదులుగా వేలాడేసి ఊగుతూ నడిచే లైన్లున్నాయి. బండ అంచుకు ఎన్నడూ పోని గొప్ప స్లాక్‌లైనర్లు ఉన్నారు. ఒక్కటే చూసుకోండి: మీకు ఎత్తు నిజంగా అక్కర్లేక వదిలేస్తున్నారా, ఆ రోజు సిగ్గుపడ్డారు కాబట్టి వదిలేస్తున్నారా? మొదటిదైతే హాయిగా ఉంటారు. రెండోదైతే పార్కులో లైన్ కట్టిన ప్రతిసారీ అది గుర్తొస్తుంది.

పూర్తిగా మానేయడం గురించి మీరు రాసింది మీ కోరిక కాదు, ఇంట్లో శాంతి కోసం ఇస్తానన్న బేరం. ఆ బేరం మీవారు అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

అందుకే ఆయన దగ్గరికి వస్తాను. మీరు రెండు విషయాల్ని ఒకటిగా కలిపేస్తున్నారు. మీరు హైలైన్‌కు వెళ్లడం ఒకటి, చెప్పకుండా వెళ్లడం ఇంకొకటి. రెండోదానికి క్షమాపణ చెప్పండి, సాకులు లేకుండా. "చెబితే వద్దంటావని చెప్పలేదు, అది తప్పు" అంటే చాలు. మొదటిదానికి క్షమాపణ అక్కర్లేదు, జవాబు కావాలి. "నీకేమైనా అయితే వాడి గతేంటి" అన్న మాటను మీరు మందలింపుగా విన్నారు. నాకు అది నిజమైన ప్రశ్నగా వినిపిస్తోంది. ఆయన వీడియోలో చూసింది తన భార్య గాలిలో ఒక పట్టీ పట్టుకుని కదల్లేక ఉండటం. ఆ హార్నెస్ దేనికి కట్టి ఉందో ఆయనకు తెలియదు. నిజం చెప్పాలంటే ఆ రోజు మీకూ తెలియదు. "ఏం కాదులే" అని మీరంటే, మీ మిత్రులు మీకు చెప్పిన "మేం చూసుకుంటాం" అన్న మాటే మీరు ఆయనకు చెప్పినట్టు.

పైన చెప్పిన రెండో దారి పడితే ఆయన్ని కూడా తీసుకెళ్లండి. మీ నడక చూడటానికి కాదు. నడకను చూస్తే ఆయన భయం పెరుగుతుంది. పొద్దున కట్టేటప్పుడు తీసుకెళ్లండి. ప్రధాన పట్టీ ఇది, బ్యాకప్ ఇది, నా లీష్ ఇక్కడ తగులుతుంది అని మీరే చూపించండి. మీరు వివరించగలిగితే మీకు అర్థమైనట్టు. వివరించలేకపోతే ఆ రోజు ఎక్కవద్దు. ఇంత చేసినా ఆయన వద్దనవచ్చు. ప్రమాదం తక్కువే కావచ్చు, సున్నా కాదు. చిన్న బిడ్డ ఉన్న తల్లి ఎంత ప్రమాదం తీసుకోవచ్చన్నదానికి నా దగ్గర కొలత లేదు. అది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది. "బాబు పెద్దయ్యేదాకా ఆగుదాం" అని తేలినా అది ఓటమి కాదు, బండలు ఎక్కడికీ పోవు.

బాబు సంగతి తేలిక. మోకాలి కన్నా తక్కువ ఎత్తులో, పొట్టి లైన్, చేయి పట్టుకుని నడిపించండి. వెడల్పాటి 50 మిల్లీమీటర్ల పట్టీ పిల్లలకు సులువు. కింద రాళ్లు, వేర్లు లేకుండా చూసుకోండి. బిగించే రాట్చెట్ దగ్గర వాడిని ఆడనివ్వకండి. కట్టిన లైన్ వదిలేసి ఒక్క నిమిషం కూడా పక్కకు పోకండి, పరుగెత్తుకొచ్చే పిల్లలకు సన్నటి పట్టీ కనిపించదు. చెట్టుకు మెత్త వేయడం మరచిపోకండి. నేను కొత్తలో ఒకసారి మెత్త లేకుండా కట్టి, విప్పాక చూస్తే బెరడు మీద చుట్టూ గాయం. ఆ చెట్టు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ చేత్తో తడిమి చూస్తాను. ఇంకోమాట, స్లాక్‌లైన్ నేర్చుకుంటే అన్ని ఆటల్లోనూ బ్యాలెన్స్ వచ్చేస్తుందని కొందరు చెబుతారు. పట్టీ మీద సాధన ప్రధానంగా పట్టీ మీద నడకకే పనికొస్తుంది. వాడికి సరదాగా ఉంటే ఎక్కనివ్వండి, ఆ కారణం చాలు.

చివరగా ఒక పని. వచ్చే నెల వెళ్లేదీ లేనిదీ ఇప్పుడే తేల్చవద్దు. మీ బృందానికి ఈ రోజే ఈ ప్రశ్నలు పంపండి. లైన్ ఎవరు కడతారు, కట్టాక ఇంకెవరు తనిఖీ చేస్తారు? బ్యాకప్‌కు విడిగా యాంకర్లు ఉన్నాయా? నా హార్నెస్‌కు వేసే ఎనిమిది అంకె ముడిని నేను బయల్దేరే ముందు ఎవరు చూస్తారు? బండ అంచు దాకా నడిచేటప్పుడు నన్ను దేనికి కట్టి ఉంచుతారు? వేలాడుతూ పైకి ఎక్కలేకపోతే నన్ను వెనక్కి ఎలా తెస్తారు, ఎంతసేపట్లో? హార్నెస్‌లో కదలకుండా చాలాసేపు వేలాడటం ప్రమాదం కాబట్టి ఈ చివరి ప్రశ్నను వదలవద్దు. తెలిసినవాళ్లు వీటికి విసుక్కోరు, సంతోషంగా ఒక్కొక్కటీ చెబుతారు. వాళ్లు పంపిన జవాబులు మీవారికి కూడా చూపించండి. చదివాక మీ కాళ్లు ఏమంటున్నాయో ఆ సాయంత్రం పార్కులో పట్టీ మీద నిలబడి చూడండి.